కొబ్బరాకు బుట్ట

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటగానే గాలి మారినట్లు తోస్తుంది. కొత్తపేట మీదుగా అంబాజీపేట వైపు బస్సు సాగేకొలది ఇరువైపులా కాలువ గట్లు, వాటి వెనుక కొబ్బరి తోటలు. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ నున్న ఈ నేలనే మనం కోనసీమ అంటున్నాము. 2022లో ఇది అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన నాటి నుండి ఆ కాలువల నీరే ఈ తోటలకు ప్రాణం.

మట్టల ఆదివారానికి ముందటి రోజున పచ్చి కొబ్బరి మట్టల కోసం అంబాజీపేటకు కొద్ది దూరంలోని ఒక గ్రామానికి వెళ్ళాను. తోటలో దింపు జరుగుతున్నది. చెట్ల క్రింద కాయలు ఒక రాశి, నరికిన మట్టలు ఒక రాశి. తోట గలవారు మట్టలతో పాటు పచ్చి మామిడికాయలు కూడా ఇవ్వబోయారు. తీరా చూస్తే నా దగ్గర సంచి లేదు.

“సంచెందుకండీ అయ్యగారూ, చెట్టుంది గదండీ,” అంటూ నీడన కూర్చున్న ఒక మామ్మగారు లేచారు. డెబ్బై ఐదు దాటి ఉంటాయి.

ఆమె మట్టల్లో ముదురుదైనా ఇంకా పచ్చగా ఉన్నదాన్ని ఏరింది. నడుమ నుండి రెండు మూరల ముక్క నరికి, కత్తితో నిలువునా చీల్చింది. ఇప్పుడు బద్దకు ఒకే ప్రక్క ఆకులున్నాయి. బద్దను పలుచగా చెక్కి, గుండ్రంగా వంచి, రెండు కొసలు కలిపి కట్టగానే బుట్టకు అంచు సిద్ధమైంది. ఆకులన్నీ క్రిందికి వ్రేలాడుతున్నాయి. ఇక ఒక ఆకు కుడికి, దాని ప్రక్కది ఎడమకు. ఒకదాని పైనుండి, మరొకదాని క్రిందనుండి. అలా చుట్టూ అల్లుకుంటూ వచ్చి, అడుగున మిగిలిన కొసలను ఆడపిల్లకు జడ వేసినట్లు అల్లి ముడి బిగించింది. పదిహేను నిమిషాలు పట్టలేదు. దారం లేదు, మేకు లేదు, పైసా ఖర్చు లేదు.

“రేపటికి వాడేసేదయితే ఇలా చాలండి. నెలరోజులుండాలంటే ఆకును ఒక పూట నీడన వాడనివ్వాలండి,” అన్నది. పచ్చి ఆకు ఎండితే కుంచించుకు పోతుంది, అల్లిక వదులై సందులు పడతాయి. అందుకే ఆ జాగ్రత్త.

కాపు చెట్టు ఏడాదికి సుమారు పన్నెండు ఆకులు వేస్తుంది. ఒక్కొక్క మట్ట పదిహేను అడుగులకు పైనే ఉంటుంది, దానికి రెండు వందలకు పైగా చిన్న ఆకులుంటాయి. పచ్చి మట్టలు ఎక్కువగా నరికితే కాపు తగ్గుతుంది. కాబట్టి తెలిసినవారు క్రింది వరుస మట్టలనే తీస్తారు. ఆకు బుట్టకు, తడకకు, పందిరికి, ఈనెలు చీపురుకు, మిగిలినది పొయ్యిలోకి. 2016 తరువాత తెల్లదోమ వచ్చి కొన్ని తోటల్లో ఆకులపై మసి పట్టినట్లు నల్లగా అవుతున్నది. “అట్టాంటి ఆకు అల్లితే చేతులన్నీ మసేనండి,” అన్నది మామ్మగారు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫానును ఆమె మరువలేదు. తెల్లవారేసరికి చెట్లు వరుసలు వరుసలుగా నేల మీద పడి ఉన్నాయట. మళ్ళీ మొక్క నాటితే కాపుకు అయిదారేళ్ళు పడుతుంది. కాని ఆ వారమంతా తానూ, ఇరుగుపొరుగు ఆడవారూ కూలిన చెట్ల ఆకులతోనే తడకలు అల్లి తలదాచుకున్నారట. “కూల్చిన గాలే కప్పు కూడా ఇచ్చిందండి,” అని నవ్వింది.

ఆ నవ్వు చూస్తే నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. నేను ఆరవ తరగతి చదివేటప్పుడు మా పంతులుగారికి వంకాయలు ఇచ్చి రమ్మని అమ్మ ఇలాంటి బుట్టలోనే పెట్టి పంపింది. తోటి పిల్లలు నవ్వారు. వంకాయలు ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు బుట్టను కాలువలో పారవేశాను. అమ్మ అడిగితే చిరిగిపోయిందని అబద్ధమాడాను. “పోనీలే, ఇంకొకటి అల్లుతాను” అన్నది. ఇప్పుడు అమ్మ లేదు. ఎలా అల్లుతావమ్మా అని నేను ఒక్కనాడూ అడగలేదు.

“మామ్మగారూ, నాకు నేర్పుతారా?” అన్నాను. ఆమె నా వంక వింతగా చూచింది. “మా మనవరాలే నేర్చుకోలేదండి. ప్లాస్టిక్ గంపలొచ్చాక ఎవరిక్కావాలండీ?” అన్నది. ఇంటర్ చదువుతున్న ఆ అమ్మాయి ప్రక్కనే ఉన్నది. నా వ్రేళ్ళ తడబాటు చూచి నవ్వు ఆపుకోలేక, తానూ ఒక బద్ద తీసుకొని కూర్చున్నది. గంట గడిచేసరికి ఆమె బుట్ట చక్కగా కుదిరింది. నాది వంకరగా ఉన్నది. అయినా పట్టుదల కొద్దీ నా బుట్టలోనే మామిడికాయలు వేయించుకొని బయలుదేరాను.

బస్సు ఎక్కబోతుండగా అడుగు విడిపోయింది. కాయలన్నీ రోడ్డున దొర్లాయి, నాలుగైదు కాలువ పాలయ్యాయి. బద్ద వంచడంలో, అంచు కట్టడంలో శ్రద్ధ పెట్టి, అడుగు ముడి తొందరగా వేశాను. మామ్మగారు ముందే చెప్పింది: “అంచు అందరికీ కనపడుద్దండి. బరువు మోసేది అడుగండి.”

2022 జూలై 1 నుండి మన దేశంలో ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని నిషేధించారు. చట్టం వస్తువును ఆపగలదు గాని, చేతికి పని నేర్పలేదు. అది ఇంట్లోని పెద్దలే నేర్పాలి, అదీ వారి వ్రేళ్ళు వంగుతున్నంత కాలమే.

మీ ఇంట బుట్టో, తడకో, చాపో అల్లగల పెద్దవారు ఉన్నారా? ఈ వేసవి సెలవులలో పిల్లలను వారి ప్రక్కన కూర్చోబెట్టండి. మీరూ కూర్చోండి. నేను మా అమ్మ ప్రక్కన కూర్చోలేదు. మొన్న ఆ మనవరాలు తన మామ్మ ప్రక్కన కూర్చున్నది. ఆ అమ్మాయి అల్లిన మొదటి బుట్టను మామ్మగారు కాయలకు వాడనివ్వక ఇంటి చూరుకు వ్రేలాడదీసింది.