సంగారెడ్డి దాకా వెళ్ళే దారిలో ఎక్కడెక్కడ ఆగాలి

హైదరాబాద్ నుంచి ముంబయి వైపు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే, లింగంపల్లి దాటాక ఊళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి. ఏ ఊరు ఎక్కడ ముగిసిందో బోర్డులు చూస్తే తప్ప తెలియదు. ఈ పట్టీకి నడిబొడ్డు ఏదని అడిగితే ఏ ఒక్క చౌరస్తానూ చూపించలేం, ఈ రోడ్డునే చూపించాలి. రోజూ వేల బండ్లు దీని మీదుగా బీదర్‌కో, సోలాపూర్‌కో వెళ్ళిపోతాయి. ఆగేవాళ్ళు తక్కువ. ఆగినవాళ్ళకు మాత్రం ఒక సంగతి బోధపడుతుంది. ఇక్కడ చూడదగ్గవేవీ చూడ్డానికని కట్టినవి కావు. ఖైదీల కోసం జైలు, నగరం దాహం కోసం బ్యారేజీ, కరువు నేలల కోసం విత్తనాల ఖజానా. పని కోసం పుట్టినవన్నీ ఇవాళ చూసిరాదగ్గ చోట్లయ్యాయి.

సంగారెడ్డి ఊళ్ళోంచే మొదలుపెడదాం. పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ తన కొడుకు పేరున ఈ ఊరు కట్టించిందని చెబుతారు. చాలా ఏళ్ళు మెదక్ జిల్లాకు కేంద్రంగా ఉండి, 2016 అక్టోబరు 11న తన పేరుతోనే జిల్లా అయింది. కలెక్టరేటు, కోర్టులు, బస్టాండు, వాటిని ఆనుకొని స్టాంపు వెండర్లు, జిరాక్సు షాపులు, చాయ్ హోటళ్ళు... జిల్లా కేంద్రాలన్నింటి కళ ఇక్కడా ఉంది. ఆ సందడి నడుమ పాత జైలు గోడ కనిపిస్తుంది. 1796లో, అంటే నిజాం అలీఖాన్ ఏలుబడిలో కట్టిన జైలు అది. రెండు శతాబ్దాలకు పైగా ఖైదీలను ఉంచుకొని, కందిలో కొత్త జైలు సిద్ధమయ్యాక 2012లో ఖాళీ అయింది. కూల్చి దుకాణాల సముదాయం కట్టాలని ఎవరికైనా అనిపించి ఉండవచ్చు, స్థలం అలాంటి చోట ఉంది. జైళ్ళ శాఖ ఆ పని చేయకుండా దాన్ని మ్యూజియంగా మార్చింది. అందుకు ఆ శాఖను మెచ్చుకోవాలి.

2016లో అక్కడ మొదలైన ‘ఫీల్ ది జైల్’ పథకం దేశమంతా వార్తయింది. అప్పట్లో 500 రూపాయలు కట్టి, నేరమేమీ చేయకుండానే 24 గంటలు ఖైదీగా ఉండే వీలు కల్పించారు. లోపలికి వెళ్ళగానే ఖద్దరు బట్టలు, స్టీలు పళ్ళెం, గ్లాసు, సబ్బు చేతికిస్తారు. ఫోను బయటే ఉండిపోతుంది. జైలు పద్ధతి ప్రకారం వేళకు చాయ్, వేళకు అన్నం. బ్యారక్ మనమే ఊడ్చుకోవాలి. ఇదేం సరదా అని అప్పట్లో విసుక్కున్నవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. రాతి గోడల మధ్య, ఫోను లేకుండా, తలుపు బయటినుంచి గడియ పడిన గదిలో ఒక మధ్యాహ్నం గడిపితే శిక్ష అనే మాట బరువెంతో తెలుస్తుంది. మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలేనన్న సంగతి అప్పుడు ఇంకో రకంగా వినబడుతుంది. రాత్రి ఉండే ఓపిక లేనివాళ్ళు మ్యూజియం చూసి రావచ్చు. వేళలు, బస ఏర్పాట్లు మారుతుంటాయి కాబట్టి ముందుగా ఫోను చేసి కనుక్కొని వెళ్ళడం మంచిది.

జైలు నుంచి బయటికొస్తే మహబూబ్‌సాగర్ చెరువు కట్ట ఉంది. సాయంత్రం నడకకు ఊరంతా అక్కడికే. వైకుంఠపురం వేంకటేశ్వరాలయం ఊళ్ళోవాళ్ళకు పెద్ద ఆసరా, ముక్కోటి ఏకాదశినాడు వరుసలు చాలా దూరం పోతాయి.

ఇక మంజీరా. సంగారెడ్డికి వచ్చి ఈ నదిని చూడకుండా వెళ్ళకూడదు. ఊరికి కొద్ది దూరంలో కల్పగూర్ దగ్గర మంజీరా బ్యారేజీ ఉంది. హైదరాబాద్ నీళ్ళ చరిత్రలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పేర్లే అందరి నోటా ఉంటాయి. 1965 నుంచి నగరం మంజీరా నీళ్ళు తాగుతున్నదని తెలిసినవాళ్ళు తక్కువ. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో నల్లా తిప్పే చాలా ఇళ్ళకు ఈ నదితో చుట్టరికముంది. బ్యారేజీకీ పైనున్న సింగూరు ప్రాజెక్టుకూ నడుమ దాదాపు 36 కిలోమీటర్ల నదిని 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. మగ్గర్ మొసళ్ళను కాపాడటం కోసం చేసిన పని అది. నది మధ్యలో చిన్న చిన్న గడ్డలున్నాయి. పుట్టిగడ్డ, బాపనగడ్డ లాంటి పేర్లతో ఊళ్ళవాళ్ళు పిలుచుకుంటారు. వాటి ఒడ్డున మొసళ్ళు ఎండ కాచుకుంటాయి. చలికాలంలో బాతులు, కొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు వచ్చి చేరతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. బైనాక్యులర్స్ తప్పనిసరి, ఎందుకంటే మొసళ్ళకు దగ్గరగా వెళ్ళే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. ఇది తాగునీటి జలాశయం కూడా. చిప్స్ కవర్లు, సీసాలు పారేసే అలవాటున్నవాళ్ళు దయచేసి రావద్దు. కల్పగూర్‌లోనే కాకతీయుల కాలపు కాశీ విశ్వేశ్వరాలయం ఉంది. స్తంభాల నునుపు చూడండి. వరంగల్ వెళ్ళలేనివాళ్ళకు ఇంటి దగ్గరే కాకతీయ శిల్పం దొరికినట్లే.

చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్ళు ఇంకాస్త దూరం పోయి కొండాపూర్ చూడాలి. గచ్చిబౌలి పక్కనున్న ఐటీ కొండాపూర్ కాదు. ఫోనులో దారి పెట్టుకునేటప్పుడు సంగారెడ్డి జిల్లా అని చూసుకోకపోతే మళ్ళీ హైదరాబాద్‌కే చేరతారు. ఊరి బయట కోటగడ్డ అని పిలిచే మట్టి దిబ్బ ఉంది. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ తవ్వితే కింద శాతవాహనుల పట్టణమే బయటపడింది. ఇటుక కట్టడాలు, బౌద్ధ స్తూపం ఆనవాళ్ళు, సీసం, రాగి నాణేలు, నాణేలు పోసే అచ్చులు, పూసలు, శంఖు గాజులు, తెల్ల మట్టితో చేసిన సున్నితమైన బొమ్మలు. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అంటే ఇక్కడి సరుకు సముద్రాలు దాటింది, అక్కడి బంగారం ఇక్కడికొచ్చింది. ఆంధ్రులకు ముప్పై కోట పట్టణాలున్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వాటిలో ఇదీ ఒకటి కావచ్చని పండితులు అంటారు. దిబ్బ పక్కనే భారత పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. గదులు కొన్నే. అయినా ఆ మట్టి బొమ్మల జడలు, కుండీల్లాంటి చెవి కమ్మలు చూస్తూ నిలబడితే గంట ఇట్టే గడిచిపోతుంది. బడి పిల్లలను బస్సుల్లో రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్ళే మాస్టార్లు ఒక్కసారి ఇటు కూడా తీసుకురావాలి.

మళ్ళీ హైవే ఎక్కి హైదరాబాద్ వైపు వస్తే కంది దగ్గర ఐఐటీ ప్రాంగణం. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తరగతులు మొదలుపెట్టి, 2015లో ఇక్కడికి మారింది. జపాన్ సాయంతో లేచిన కట్టడాలు రోడ్డు మీదికే కనిపిస్తాయి. ఇంకొంచెం ముందు రుద్రారం గణేశ్‌గడ్డ. కొత్త బండి కొన్నవాళ్ళు ఇక్కడ పూజ చేయించకుండా ముందుకు పోరు. సంకటహర చతుర్థినాడు నడిచి వచ్చే భక్తులతో రోడ్డు పక్కనంతా జనమే.

ఇస్నాపూర్, పాశమైలారం దాటి పటాన్‌చెరు. ఇవాళ ఫ్యాక్టరీల పేరుతోనే తెలిసిన ఈ ఊరు పదకొండో శతాబ్దంలో పొట్లకెరె. కళ్యాణి చాళుక్యరాజు రెండో జయసింహుడు ఇక్కడ కొలువుండేవాడు. జైనానికి ఇది పెద్ద కేంద్రం. ఆ కాలపు తీర్థంకరుల విగ్రహాలు కొన్ని హైదరాబాద్ మ్యూజియాలకు చేరాయి. ఊళ్ళో ఆ వైభవం చెప్పే బోర్డు ఒక్కటైనా పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

పటాన్‌చెరుకు ప్రపంచ పటంలో చోటిచ్చింది ఇక్రిశాట్. వర్షాధార పంటల మీద పరిశోధన కోసం 1972లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ. దాదాపు 1,400 హెక్టార్ల ఆవరణ. నల్లరేగడి, ఎర్ర చల్క రెండూ ఒకే చోట దొరకడం ఈ నేల గొప్పదనం, మెట్ట సేద్యం చేసే చాలా దేశాల్లో ఈ రెండు రకాల నేలలూ కనిపిస్తాయి. ఇక్కడి విత్తన నిధిలో జొన్న, సజ్జ, రాగి లాంటి చిరుధాన్యాలు, శనగ, కంది, వేరుశనగ నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. 140కి పైగా దేశాల నుంచి వచ్చినవి. ఎక్కువ కాలం దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. తమ నేల మీద కనుమరుగైన పంట రకాలను ఇథియోపియా, బోట్స్‌వానా లాంటి దేశాలు ఇక్కడినుంచి తిరిగి తీసుకెళ్ళాయి. మన ఊరి కంది గింజ తాతముత్తాతలు కూడా ఆ డబ్బాల్లో పదిలంగా ఉన్నాయన్న ఆలోచన నాకెంతో నచ్చుతుంది. ముందుగా అనుమతి తీసుకుంటేనే లోపలికి రానిస్తారు. రైతులు, విద్యార్థులు బృందంగా రాసి అడిగితే మేలు. లోపలి చెరువుల దగ్గర పక్షులు చూడ్డానికి అనుమతితో వచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఇక్రిశాట్ కంచెకు బయట ఇంకో లోకం. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలో వచ్చింది. తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారంలలో పారిశ్రామిక వాడలు లేచాయి. మందులు, రంగులు, ఇనుప సామాన్లు, ఒకటేమిటి. ఆదివారం సాయంత్రం ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే ఒడియా, భోజ్‌పురి, హిందీ, తెలుగు కలిసి వినబడతాయి. వారం సెలవు దొరికిన కార్మికులు కూరగాయలు, ఫోను కవర్లు, పిల్లలకు బట్టలు కొనుక్కుంటారు. మిర్చి బజ్జీల బండి పక్కనే లిట్టీ చోఖా బండి. ఈ ప్రాంతాన్ని చూడటమంటే ఈ జనాన్ని చూడటం కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళలో చాలామంది పొట్ట చేతపట్టుకొని పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే. ఈ దారిన పోయే ప్రతి ఒక్కరూ ఆ పేరు, ఆ తేదీ గుర్తు పెట్టుకోవాలి.

నీళ్ళ సంగతీ చెప్పాలి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు దశాబ్దాల పాటు నక్కవాగులో కలిశాయి. ఆ వాగు బ్యారేజీకి దిగువన మంజీరాలో కలుస్తుంది. వాగు ఒడ్డు ఊళ్ళ రైతుల పొలాలు, బావులు చెడిపోయాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనబడింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ అది. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆనాటినుంచి పటాన్‌చెరు పేరు వస్తూనే ఉంది. తర్వాత ఆ నీటిని పైపులైను ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్ళించారు. మంజీరా బ్యారేజీ చూసిన రోజునే నక్కవాగు మీది వంతెన దగ్గర కూడా కాసేపు ఆగమని నా సలహా. నగరానికి ఈ జిల్లా ఏమిచ్చిందో, బదులుగా ఏం తీసుకున్నదో ఆ రెండు చోట్లూ చెబుతాయి.

బాగుచేస్తే నీళ్ళు బాగుపడతాయనడానికి అమీన్‌పూర్ చెరువే సాక్ష్యం. పటాన్‌చెరుకు దగ్గరలోనే ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. చెత్తతో నిండిన దాన్ని తెలంగాణ స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్ సిబ్బంది దత్తత తీసుకొని శుభ్రం చేశారు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ గౌరవం అందుకున్న మొదటి పట్టణ చెరువు ఇదే. చుట్టూ అపార్టుమెంట్లు ఎత్తుకు ఎత్తు పెరుగుతున్నాయి, కాబట్టి పోరు అయిపోలేదు. చలికాలంలో రాజహంసలు కూడా దిగుతాయి. ఉదయం ఎనిమిదిలోపే చేరుకోండి, ఎండ ముదిరితే పక్షులు అవతలి ఒడ్డుకు పోతాయి.