ముంబయి టంకశాల ముంగిట

ముంబయి ఫోర్టు ప్రాంతంలో, రిజర్వు బ్యాంకు భవనానికి ఎదురుగా ఎత్తయిన స్తంభాలతో నిలిచిన టంకశాలను చూసినప్పుడు 1918 సంవత్సరం స్ఫురించక మానదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమైన ఆ ఏడాది ఇక్కడ బ్రిటిష్ సవరన్లు ముద్రితమయ్యాయి. లండన్ నుండి అచ్చులు చేరేలోగా, అదే తూకంతో 15 రూపాయల మొహరులు వెలువడ్డాయి. సవరనుపై పిస్ట్రూచి 1817లో రూపొందించిన సెయింట్ జార్జి చిత్రం ఉంటుంది. గుర్రం కాళ్ల కింది నేలపై గల చిన్న ఆంగ్ల ‘ఐ’ అక్షరమే ఇక్కడి గుర్తు.

కోస్తా ఇళ్లలో కాసు అంటే 8 గ్రాములు. సవరను తూకం 7.98 గ్రాములు; 22 క్యారెట్లది కనుక అందులోని మేలిమి 7.32 గ్రాములే. పాత నాణెం కొనేవారు ముందు తూకం, పిదప గుర్తు చూడవలెను. బంగారం ధర ఏ రోజుకారోజు తెలుస్తుంది. చరిత్ర పేరిట అడిగే అదనపు సొమ్మును మాత్రం కొనేవారే తూచుకోవాలి.