ముగ్గు పోయకమునుపే

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిరి. విద్యాలయమును కట్టి చూడుమని మాత్ర మెవరును చెప్పలేదు. ఆ రెంటికంటెను నిది కష్టతరమని మేము అనుభవముచే నెరిగితిమి. ఇల్లు కట్టించువాడు తానే యందు నివసించును గావున తప్పు జరిగినచో తానే యనుభవించును. విద్యాలయమున నన్ననో నిర్ణయించువా రొకరు, పటము గీయువా రొకరు, కట్టువారు మరియొకరు, అందు నివసించువారు వేరొకరు. ఆ నివసించువారు మన బిడ్డలు. కావున నిది పురుషుల వ్యవహారమని మన మూరకుండుట తగదు.

2025లో కొత్తగూడెమున డాక్టరు మన్మోహన్ సింగు పేర భూవిజ్ఞాన విశ్వవిద్యాలయము వెలసినది. ఇంతకుముందు గనుల చదువు చెప్పుచు వచ్చిన కళాశాలయే యట్లు పెరిగినది. విశ్వవిద్యాలయ మన్న పిదప తరగతి గదులు, ప్రయోగశాలలు, వసతిగృహములు కావలసివచ్చుచునే యుండును. గుండాల, చర్ల, దుమ్ముగూడెముల నుండి బాలికలు పెట్టెలు పట్టుకొని రాగలరు. వారి నిమిత్తమై మేము చేసిన యొక తప్పును సోదరీమణులకు విన్నవించుకొనుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట నీ యడవి సరిహద్దున నొక బాలికల వసతిగృహమును కట్టదలచి, నిర్మాణసంఘమున మమ్ము నొక సభ్యురాలిగా జేర్చుకొనిరి. పటమును బల్లపై పరచి, సమ్మతమేనా యని యడిగిరి. గీతలు, అంకెలు తప్ప మాకేమియు బోధపడలేదు. బోధపడలేదని చెప్పుటకు సిగ్గుపడి వ్రాలు చేసితిమి. కట్టడము చూడ ముచ్చటగానే లేచెను. కాని స్నానపు గదులు, మరుగుదొడ్లు పెరటి చివర నుండెను; త్రోవలో దీపము లేదు. వంటయింటి పొగ గాలివాటున పడకగదులలోనికే వచ్చుచుండెను. మొదటి వానకాలము ముగియకమునుపే యిద్దరు కోయ బాలికలు పెట్టెలు సర్దుకొని యిండ్లకు పోయిరి. కారణ మడుగబోయిన మాతో నొకతె తల్లి, “అమ్మా, మా యూరిలోను చీకటే గాని పిల్లకు తోడుంటాము. ఇక్కడ రాత్రిపూట ఒంటరిగా పోవాలంట” అనెను. ఆమెకు మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి.

తప్పెవరిది? పటము గీసిన శిల్పి యా స్థలమును చూచి యెరుగడు. ఇంజనీరు కట్టడము బలముగా నున్నదా యని చూచెను. అది బలముగానే యున్నది. కంట్రాక్టరు పటములో నున్నట్లే కట్టెను. ఎవరి పని వారు చేసిరి. చెప్పవలసిన మాట చెప్పనివారము మేమే.

ఈ విషయమున మన పూర్వులు చూపిన శ్రద్ధ తలచుకొనదగినది. గోదావరికి ఈ దరినున్న ఖమ్మము సీమ నైజాము రాజ్యములోను, ఆ దరినున్న భద్రాచలము చెన్నపురి రాజధానిలోను ఉండిన కాలమున, ఈ దరివారికి 1918లో స్థాపితమైన ఉస్మానియా, ఆ దరివారికి 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యామందిరము లయ్యెను. ఉస్మానియాకు స్థిరమైన భవనములు కట్టదలచినపుడు ప్రభుత్వమువారు తొందరపడి పటములు గీయింపలేదు. నవాబు జైన్ యార్ జంగును, సయ్యద్ అలీ రజాను దేశదేశముల విద్యాలయములను చూచి రమ్మని పంపిరి. పిదప ఈజిప్టులో పేరుగన్న బెల్జియము దేశపు శిల్పి ఎర్నెస్టు జాస్పరును నియమించిరి. 1934 జులై 5న ఆర్ట్సు కళాశాలకు శంకుస్థాపన జరిగెను. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవము జరిగెను. జాస్పరు వెడలిన పిమ్మట జైన్ యార్ జంగు పనిని నడిపించెను. దూరదేశపు నేర్పరిని పిలిచినను, పని యానుపానులెరిగిన మనవాడొకడు మొదటినుండియు ప్రక్కనుండుటచేతనే పని నిలువక సాగెను. ఆ గులాబివన్నె రాతిమేడ నేటికిని చెక్కుచెదరక యున్నది.

ఇందు మనము నేర్చుకొనవలసిన దేమి? పెండ్లివంటకు వంటవారిని పిలుచునపుడు మన మేమి చేయుదుము? ఎందరు భోక్తలో, ఏమేమి వండవలెనో ముందే చెప్పుదుము. వారు వండిన యొక యింటికి పోయి రుచి యడిగి తెలిసికొందుము. తక్కువ కూలి యడిగినాడని చేయి తిరుగనివానికి గాడిపొయ్యి యప్పగింపము. శిల్పి విషయమునను నింతే. 1972 నాటి శాసనము ననుసరించి పేరు నమోదైనవారే యా బిరుదు ధరింపవలెను. అది మొదట చూడవలెను. వారు పూర్వము కట్టించిన వసతిగృహమునకు పోయి, అధికారులను గాక, అందున్న విద్యార్థినులను, ఊడ్చు నామెను, వంటామెను అడుగవలెను. శిల్పి గది యమరికను, ఇంజనీరు దూలముల బలమును, కంట్రాక్టరు కట్టుబడిని చూతురు. ఒకరి పనికి వేరొకరు సాక్షులుగా నుండవలెనే గాని, ముగ్గురును ఒకే చేతిక్రింద నుండరాదు. సంఘమువారి పక్షమున ఆజ్ఞ యిచ్చునది యొక్క నోరే కావలెను; ఆ యాజ్ఞయు కాగితముపై నుండవలెను. నలుగురత్తల కొక్క కోడలైనచో వంట యెట్లుండునో మన మెరుగుదుము గదా! సొమ్ము నోటిమాటపై గాక, జరిగిన పనిని కొలతల పుస్తకమున నెక్కించి, ఆ కొలతను బట్టి చెల్లింపవలెను. కొంత సొమ్ము నిలువయుంచి, ఒక వానకాలము గడచి కప్పు కారదని తెలిసిన పిదపనే యీయవలెను.

మన సీమలో స్థలపరీక్ష మరియు ముఖ్యము. భద్రాచలమున గోదావరి 1986లో 75.6 అడుగుల వరకు పెరిగెను. 2022 జులైలోను 71 అడుగులు దాటెను. కొత్తగూడెము, ఇల్లెందు ప్రాంతములు బొగ్గుగనుల సీమ. పునాది త్రవ్వకమునుపు క్రింద పాతగని యున్నదా యని విచారింపవలసియుండును. 2025 మార్చిలో భద్రాచలమున కట్టుబడిలో నున్న ఆరంతస్తుల మేడ కూలి పనివారు ప్రాణములు గోల్పోయిరి. ఇంజనీరు వ్రాలు కాగితముపై సిరా మాత్రమే కాదనియు, దానిక్రింద మనుష్యులు నిలిచి యుందురనియు మనము మరువరాదు.

భద్రాచల రాముని గుడినే తలంపుడు. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండిన కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో దానిని కట్టించి, గోల్కొండ చెరలో మగ్గెననియు, రామలక్ష్మణులే వచ్చి యా యప్పు తీర్చిరనియు చెప్పుదురు. భక్తి వేరు, పద్దు వేరు. మన సంఘముల బాకీ తీర్చుటకు రాముడు మరల రాడు. కావున నెంత పుణ్యకార్యమైనను అనుమతి ముందు, ఖర్చు వెనుక కావలెను.

ఇక మా కథ ముగింతుము. మరుసటి యేట స్నానపు గదులను ఇంటికి జేర్చి క్రొత్తగా కట్ట నిశ్చయమైనది. ఈసారి పటము వచ్చినపుడు మేము సిగ్గు విడిచి, “మాకిది బోధపడలేదు” అంటిమి. అపుడు ముసలి మేస్త్రీ యొకడు నవ్వి, “దానికేమమ్మా, నేలమీద ముగ్గు పోసి చూపిస్తాను” అనెను. పునాదికి గీత గీయుటను వారును ముగ్గు పోయుట యనియే యందురు! సున్నముతో గదులను, తలుపులను ఉన్న కొలతకు గీసెను. బాలికలను పిలిచి, పడకనుండి లేచి నడచి చూడుడంటిమి. నాలుగడుగులు వేయగానే యొక పిల్ల, “ఈ తలుపు ఇటు తెరచుకొంటే బయటివారికి లోపల కనబడుతుంది” అనెను. తలుపు మారెను. సున్నపు గీతను చెరుపుటకు చీపురు చాలును. గోడను చెరుపుటకు గునపము కావలెను.

వెళ్లిపోయిన యిద్దరిలో నొకతె తిరిగివచ్చి చదువు ముగించినది. రెండవ యామెకు మేము కబురంపునప్పటికే వివాహమైనది. ఆ నాడు మేము చేసిన వ్రాలు ఖరీ దది.

సోదరీమణులారా! మీ యూరి పాఠశాలకైనను, కళాశాలకైనను, విశ్వవిద్యాలయమునకైనను మిమ్ము సంఘమునకు పిలిచినచో తప్పక పొండు. పటము తెలియనిచో తెలియదని చెప్పుడు. ముగ్గు పోసి చూపుమని యడుగుడు. ముగ్గును చూచి తప్పు పట్టుట మనకు వెన్నతో బెట్టిన విద్య.