గొలుసు ఎవరి చేతిలో?

ఆదివారం పొద్దున్న దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాల షట్టర్లు ఇంకా లేవవు. అప్పటికే పక్క కాలనీల్లో పామరేనియన్లు, ల్యాబ్రడార్లు యజమానుల్ని ఈడ్చుకుంటూ షికారుకు బయల్దేరతాయి! ఏడాదిగా పలకరించుకోని ఇరుగుపొరుగు కూడా ‘మీవాడి పేరేంటండీ?’ అంటూ ఆగుతారు.

కుక్కల కోసమే జీహెచ్‌ఎంసీ 2018లో ఓ పార్కు తెరిచింది. కానీ అది కొండాపూర్‌లో... ఎల్బీనగర్‌ నుంచి చూస్తే నగరం ఆ చివర! మెట్రోలో తీసుకెళ్దామంటే కుక్కల్ని ఎక్కనివ్వరు. అందుకే ఇక్కడ గల్లీయే పార్కు.

అదే గల్లీలో పిల్లలూ ఆడుకోవాలి. 2023లో మూసీ అవతల అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి ఓ చిన్నారి బలయ్యాక, ఏ కుక్క ఎదురైనా బిడ్డను ఎత్తుకునే తల్లులున్నారు. గొలుసు గట్టిగా పట్టుకుని, వెంట ఓ సంచీ తెచ్చుకుంటే ఈ సరదా అందరిదీ అవుతుంది.