క్వారీ నీళ్ళు, మన పిల్లకాయలు

మన సంఘం పిల్లకాయలు ఒక ఆదివారం సిక్కరాయపురం క్వారీలో స్కూబా డైవింగ్ చేస్తామని అడుగుతున్నారు. మాంగాడు పక్కనే, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తామంటున్నారు. రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం మేము. టైమ్‌టేబుల్ కంటే ముందు లైన్ క్లియర్ ఉందా అని చూస్తాము.

2017లో, 2019లో చెన్నై నీళ్ళకి అల్లాడినప్పుడు ఆ గుంటల నీళ్ళే శుద్ధి చేసి తాగను ఇచ్చినారు. ఇంకోటి, క్వారీకి చెరువు మాదిరి వాలు గట్టు ఉండదు. నిట్టనిలువు రాయి, జారితే పట్టు దొరకదు. చెన్నై చుట్టూ రాయి కొట్టినవాళ్ళలో మన తెలుగు మాట్లాడే ఒడ్డెవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని అడగండి. ప్రతి వేసవిలో ఇలాంటి గుంటల్లో పిల్లలు పోతున్నారు. ఆ కబురు మన ఇళ్ళకి రాకూడదు.

నీళ్ళలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలు అవుతుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరగవచ్చు. దీనికి శిక్షణ కావాలి.

అందుకని మా ప్లాన్ ఇది: ముందు అందరూ ఈత నేర్చుకోవాలి. డాక్టరు సరే అనాలి. తర్వాత పుదుచ్చేరి సముద్రంలో, శిక్షకుల వెంటనే డైవింగ్. రాత్రికి ఇల్లు చేరవచ్చు. వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి. పెద్దవాళ్ళం మేమూ వస్తాము, ఒడ్డున కూర్చుంటాము.