నీడన ఆరిన కర్ర

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు సీమలో నల్లరేగడి చేలు విస్తారం. వానాకాలంలో ఆ నేల కాలు దిగబడేంత మెత్తగా ఉంటుంది. చైత్ర వైశాఖాల ఎండకు అదే నేల నెఱ్ఱెలు బారుతుంది. కొన్ని నెఱ్ఱెల్లో చెయ్యి దూరుతుంది. ఎండ వల్ల నేల పగిలిందని అందరూ అంటారు. అది సగం నిజమే. పైపొర ముందుగా ఎండి ముడుచుకుంటుంది. కింది పొర ఇంకా తడిగా ఉంటుంది, అది ముడుచుకోదు. ఆ రెండు పొరల పెనుగులాటలో నేల చీలిపోతుంది. కాబట్టి పగులుకు మూలం ఎండడం కాదు, ఒకచోట ముందూ మరొకచోట వెనుకా ఎండడం.

కుమ్మరికి ఈ సంగతి తెలుసు. అందుకే పచ్చి కుండను ఎండలో పెట్టడు. నీడలో ఆరబెట్టి, ఆ తరువాతనే ఆవంలోకి చేరుస్తాడు. కుమ్మరికి మట్టి ఎలాంటిదో కర్ర పనివాడికి పచ్చి కర్ర అలాంటిది. ముఖ్యంగా కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలి పట్టి బొమ్మలు, గిన్నెలు, కుంకుమ భరిణెలు చేసేవాడికి ఈ విద్య తెలియకపోతే పూట గడవదు. కర్రను తిప్పే ఆ సాధనాన్ని వెనుకటివారు తరిమెన అన్నారు. ఇప్పుడు అందరూ లేతు అంటున్నారు. పేరు మారినా, కర్ర స్వభావం మాత్రం మారలేదు.

అప్పుడే కొట్టిన చెట్టులో నీరు ఎంత ఉంటుందో చూసేవారికి తెలియదు. పూర్తిగా ఎండిన కర్ర బరువులో సగమంత నీరు ఉండవచ్చు. కొన్ని జాతుల కర్రల్లో దాని బరువును మించిన నీరు కూడా ఉంటుంది. ఈ నీరు రెండు చోట్ల దాగి ఉంటుంది. కొంత కర్ర కణాల బోలులో ఉంటుంది. కొంత కణాల గోడల్లో ఇంకి ఉంటుంది. ముందుగా బోలులోని నీరు పోతుంది. అప్పుడు కర్ర తేలికవుతుందే కాని ముడుచుకోదు. ఎండు బరువుతో పోలిస్తే తేమ నూటికి దాదాపు 30 వంతులకు దిగాక గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది. అసలు చిక్కు అక్కడే ఆరంభమవుతుంది. గోడలు సన్నబడతాయి, కర్ర కుదించుకుపోతుంది.

కుదింపు కూడా అన్ని వైపులా ఒక్కటి కాదు. నిలువునా కర్ర తగ్గేది వెయ్యింట ఒకటి రెండు వంతులే. నడిమి నుండి బెరడు వైపు కొంత ఎక్కువ తగ్గుతుంది. వలయాల చుట్టుకొలత వెంబడి దానికి దాదాపు రెట్టింపు తగ్గుతుంది. లోపలి అడ్డుకొలత అంతగా తగ్గకుండా చుట్టుకొలత మాత్రం బిగుసుకుంటే ఏమవుతుంది? మొద్దు ఎక్కడో ఒకచోట చీలాలి. దుంగల మొగాల మీద బెరడు నుండి నడిమికి పోయే బీటలు అలా పుట్టినవే.

మరొక చిక్కు కూడా ఉంది. బతికి ఉన్నప్పుడు చెట్టు వేళ్ళ నుండి ఆకులకు నీటిని నిలువు దారుల్లో పంపింది. చెట్టు కూలినా ఆ దారులు అలాగే ఉంటాయి. కోసిన మొగాలు రెండూ తెరిచిన తూముల వంటివి. నీరు పక్కల నుండి పోయే దాని కంటే ఆ మొగాల నుండి పది రెట్లకు పైగా వేగంగా పోతుంది. కొసలు ఎండి ముడుచుకుంటాయి, నడుము పచ్చిగానే ఉంటుంది. నల్లరేగడిలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. రాయచూరు వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. గాలిలో తేమ ఉండదు. అటువంటి ఎండలో వదిలిన పచ్చి దుంగ మొగాల మీద ఒక్క రోజులోనే సన్నని గీతలు కనిపించవచ్చు. ఆ గీతలు రోజురోజుకూ లోపలికి పాకుతాయి.

అందుకే తెలిసిన పనివాడు చెట్టు కోసిన నాడే దుంగ మొగాలకు పూత వేస్తాడు. ఈ పనిని రేపటికి వాయిదా వేయడు. పూర్వం మన పల్లెల్లో పేడను చిక్కగా కలిపి మొగాలకు మెత్తేవారు. కొన్నిచోట్ల మట్టి పూసేవారు. ఇప్పుడు కరిగించిన మైనం, తారు, చిక్కని రంగు వాడుతున్నారు. ఏది పూసినా అది చేసే పని ఒక్కటే, తెరిచిన తూములను మూయడం. మొగానికి మాత్రమే కాక, అంచు దాటి పక్కలకు కూడా రెండు వేళ్ళ మేర పూయాలి. పలుచగా పూస్తే ఫలితం ఉండదు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు; అది భగ్గున అంటుకుంటుంది. నీళ్ళు కాగే గిన్నెలో మరొక గిన్నె ఉంచి అందులో కరిగించాలి. పెద్దలు దగ్గర లేకుండా పిల్లలు ఈ పనికి పూనుకోరాదు.

పూత నీటిని లోపల బంధించడానికి అని కొందరు పొరబడతారు. నీరు ఎలాగూ బయటికి పోవలసిందే. అయితే అది మొగాల నుండి పరుగెత్తకుండా, పక్కల నుండి నెమ్మదిగా పోవాలి. పూత చేసేది ఆ ఏర్పాటే.

దుంగను కోసేటప్పుడు కూడా ముందుచూపు కావాలి. కావలసిన పొడవు కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ ఉంచాలి. కొసలు పగిలినా ఆ మేర తీసివేస్తే లోపలి కర్ర దక్కుతుంది. లావు దుంగలయితే నడిమి బెండు గుండా నిలువునా రెండుగా చీల్చాలి. చీల్చిన చెక్కలో వలయాలు తెగి ఉంటాయి కనుక ముడుచుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆ తరువాత చెక్కలను నేలకు తగలకుండా, గాలి ఆడేటట్లు, నీడలో పేర్చాలి. మందపాటి పలకలకు అంగుళానికి ఏడాది అని ఒక మోటు లెక్క ఉంది. ఎండ, గాలి, కర్ర జాతి బట్టి ఈ లెక్క మారుతుంది.

గిన్నెలు చేసేవారు మరొక ఉపాయం పన్నారు. పచ్చి చెక్కనే లేతుకు ఎక్కించి మొదట మోటుగా తొలుస్తారు. పది అంగుళాల గిన్నెకు అంచు మందం అంగుళం ఉంచుతారు. పచ్చి కర్ర ఉలికి మెత్తగా లొంగుతుంది కనుక ఈ పని సులువు. ఆ మోటు గిన్నెకు పూత వేసి, చెక్క పొట్టులోనో కాగితపు సంచిలోనో ఉంచుతారు. వారం వారం తూచి, బరువును గిన్నె మీదే రాస్తారు. బరువు తగ్గడం ఆగిందంటే కర్రలోని తేమకు, గాలిలోని తేమకు సమం కుదిరినట్లే. ఈలోగా గుండ్రని గిన్నె కోలగా మారి ఉంటుంది. ఉంచిన మందం అందుకే. మళ్ళీ లేతుకు ఎక్కించి, కోలదనం తీసివేసి, గుండ్రంగా సన్నగా చెక్కుతారు. ఇక అది వంకర పోదు.

రాయచూరు సీమకు చెక్కపని కొత్త కాదు. 1997 దాకా ఈ జిల్లాలోనే ఉండి, ఆపై కొప్పళ జిల్లాలో చేరిన కిన్నాళ ఊరు కొయ్యబొమ్మలకు పేరు పొందింది. అక్కడ తేలిక కొయ్యను చెక్కి, చింతగింజల బంకతో అతుకులు కలిపి, రంగులు వేస్తారు. లేతు మీద చేసే లక్కబొమ్మలకు మాత్రం కర్ణాటకలో చెన్నపట్నం, ఆంధ్రలో ఏటికొప్పాక పేరెన్నిక గన్నవి. చెన్నపట్నం బెంగుళూరు నుండి మైసూరుకు పోయే దారిలో ఉంది. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. ఈ రెండు ఊళ్ళ నడుమ వందల మైళ్ళ దూరం. మాటలు వేరు, అయినా కర్ర ఒకటే. తెలుగువారు అంకుడు అనే ఆ చెట్టును కన్నడిగులు ఆలె మర అంటారు. దాని కొమ్మ విరిస్తే పాలు కారుతాయి. కర్ర తెల్లగా, నునుపుగా ఉంటుంది. ఉలికి ఎదురు తిరగదు.

బొమ్మకు లక్క పట్టించే తీరు చూడముచ్చటగా ఉంటుంది. రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. ఆపై మొగలి ఆకును అదిమి పట్టి లక్కను సమంగా పరచి మెరుగు పెడతారు. పసుపు, నీలి, జాఫరా గింజల నుండి తీసిన రంగులను ఏటికొప్పాకలో వాడతారు. ప్రకృతి రంగులతో ఆ కళను నిలబెట్టడానికి కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే కొలువు తీరాయి.

లక్క కూడా ఒక పూతే. దుంగ మొగానికి వేసిన మొదటి పూత లోపలి నీటిని నెమ్మదిగా పోనిస్తుంది. బొమ్మకు వేసిన చివరి పూత బయటి తేమను సులువుగా లోనికి రానివ్వదు. ఈ రెండు పూతల నడుమ గడిచిన కాలమే బొమ్మకు ఆయుష్షు. ఆ కాలం చాలకపోతే లోపల మిగిలిన తడి ఊరుకోదు. లక్క పొర లేచిపోతుంది, బొమ్మ చీలుతుంది. కుంకుమ భరిణె మూత సంగతి మరీ సున్నితం. గుండ్రంగా ఉన్న మూత ఒక వైపు ఎక్కువ ముడుచుకుని కోల అవుతుంది. బిగించిన మూత రాదు, వచ్చిన మూత మళ్ళీ పట్టదు.

పనివాడి నిజాయితీకి పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. పచ్చి కర్రతో చేసిన భరిణెకూ ఆరిన కర్రతో చేసిన భరిణెకూ అమ్మేనాడు తేడా కనబడదు. రెండూ ఒకే తీరుగా మెరుస్తాయి. పగులు తరువాత వస్తుంది. అంగట్లో కాదు, కొన్నవారి ఇంట్లో వస్తుంది. కన్నడ నాట దసరాకు, ఆంధ్రలో సంక్రాంతికి బొమ్మల కొలువులు పెడతారు. పండుగ దగ్గర పడ్డాక బేరగాడు వచ్చి నూరు బొమ్మలు కావాలంటాడు. పనివాడి ఇంట్లో ఆరిన కర్ర నలభై బొమ్మలకే ఉంటుంది. మిగిలిన అరవై పచ్చివాటితో చేస్తే నాలుగు డబ్బులు చేతికి వస్తాయి. చేయనంటే బేరం పోతుంది. ఇంట్లో పొయ్యి వెలగాలి. ఆ రాత్రి అతడు పడే మథన ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

ఓపిక పట్టమని పనివాడికి చెప్పడం తేలిక. కాని ఓపికకు కూడా పెట్టుబడి కావాలి. నీడలో పేర్చిన కర్ర నెలల తరబడి నిద్రపోయే సొమ్ము. అది పేదవాడికి తలకు మించిన బరువు. బొమ్మ కొనేటప్పుడు మనం కర్రకూ రంగుకూ వెల కడతాం, చెక్కిన పూటకు కూలి కడతాం. అది ఆరిన నెలలకు మాత్రం వెల కట్టం. అక్కడ గీచి గీచి బేరమాడేవారు పచ్చి బొమ్మను తామే అడిగి తెచ్చుకుంటున్నారు. పనివాడి నిజాయితీలో కొనేవారికి కూడా పాలు ఉంది.

చెట్టుకు కూడా ఇందులో పాలు ఉంది. పగిలిన దుంగ పొయ్యిలోకే పోతుంది. దాని బదులు మరొక కొమ్మ నరకాలి. అంకుడు చెట్టును మొదలంటా పెకలించకుండా కొడితే మోడు నుండి మళ్ళీ చిగుళ్ళు వేస్తుంది. అయితే అవి చేతికి వచ్చే కొమ్మలు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఒక చేర మైనం, ఒక తట్టెడు పేడ వేళకు పూసి ఉంటే ఆ కొమ్మ చెట్టు మీదే ఉండేది.

మన పెద్దలు రెండు సామెతలు చెప్పారు. ఒకటి, ఆలస్యం అమృతం విషం. రెండవది, నిదానమే ప్రధానం. ఇవి ఒకదానికొకటి విరుద్ధమని పిల్లలు వాదిస్తారు. పచ్చి కర్ర ఈ వాదాన్ని తీరుస్తుంది. మొగానికి పూత వేయడంలో ఒక్క పూట ఆలస్యమైనా కర్ర చెడుతుంది. పూత వేశాక ఒక్క నెల తొందరపడినా బొమ్మ చెడుతుంది. ఏది వెంటనే చేయాలో, దేని కోసం ఆగాలో తెలుసుకోవడమే పనితనం. ఉలి పట్టడం ఆ తరువాతి విద్య.

ప్రశ్నలు

1. నల్లరేగడి నేల పగలడానికీ పచ్చి దుంగ పగలడానికీ గల పోలికను వివరించండి.
2. దుంగ మొగాలకు పూత ఎందుకు వేస్తారు? చివరి పూతకూ దానికీ తేడా ఏమిటి?
3. "ఓపికకు కూడా పెట్టుబడి కావాలి" అనే మాటను మీ ఊరి చేతిపనివారి జీవితంతో పోల్చి రాయండి.
4. వెంటనే చేయవలసిన పనులు, ఆగి చేయవలసిన పనులు మీ ఇంట్లో ఏవేవి ఉన్నాయో పెద్దలను అడిగి పట్టిక తయారు చేయండి.