పెళ్లి కార్డు మీద ఘుగ్రీ

మా మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండున్నాయి. ఒకటి పెద్ద శంకరంపేట, ఇంకొకటి చిన్న శంకరంపేట. ఆఫీసు కాగితాల్లో వీటినే శంకరంపేట (ఏ), శంకరంపేట (ఆర్) అని రాస్తారు. మా తండా చిన్న శంకరంపేట వైపు ఉంది. పెళ్లి కార్డు మీద ఉత్త శంకరంపేట అని వేస్తే చుట్టం ఏ శంకరంపేటలో దిగుతాడో చెప్పలేం. మా ఫూఫీ కొడుకు పెళ్లికి అదే జరిగింది. దూరపు తండా నుంచి బయలుదేరిన ఒక ముసలాయన పెద్ద శంకరంపేటలో బస్సు దిగాడు. తండా పేరు అడుక్కుంటూ తిరిగి తిరిగి, పెళ్లి భోజనాలు అయిపోయాక మా దగ్గరికి చేరాడు. మంచినీళ్లు తాగి ఒకే మాట అన్నాడు.

"మీరు కాగితం పంపిండ్రు. మనిషిని పంపితే నేను దారి తప్పుదునా?"

మేం తల దించుకున్నాం. ఆ కార్డు తయారు చేసింది మేమే.

మేం అంటే ఇద్దరం అక్కాచెల్లెళ్లం, లంబాడీ ఇంటి ఆడపిల్లలం. చేత్తో బొమ్మలు వేసి పెళ్లి కార్డులు తయారు చేస్తాం. అడిగినవాళ్లకు పెళ్లికూతురిని ముస్తాబు చేయడం, పెళ్లి ఇంటి అలంకరణ కూడా చూస్తాం. ఈ పనిలో మేం చేసిన తప్పులు, వాటివల్ల నేర్చుకున్న సంగతులు మన పిల్లలకూ, వాళ్లకు చదువు చెప్పే సార్లకూ, టీచరమ్మలకూ చెప్పాలని ఇది రాస్తున్నాం.

మా దాదీ పెళ్లికి కార్డు లేదు. సంబంధం కుదిరిన రోజు తండా నాయక్ ముందర, పెద్దల ముందర బెల్లం పంచారట. దాన్ని మేం గోళ్ ఖాయేరో అంటాం, అంటే బెల్లం తినడం. ఆ బెల్లం తిన్న ప్రతి మనిషీ ఆ మాటకు సాక్షి. తర్వాత ఒక మనిషి వక్కలు మూటగట్టుకుని చుట్టాల తండాలకు పోయేవాడు. ఇంటి ముందర కూర్చుని, రామ్ రామ్ చెప్పి, వక్క చేతిలో పెట్టి, ఎవరి బిడ్డ పెళ్లి, ఏ తండాలో, ఏ రోజు అని నోటితో చెప్పేవాడు. మా గోర్ బోలీకి సొంత లిపి లేదు. అందుకని పిలుపు మనిషి గొంతులో ఉండేది. చదువు రానివాళ్లకు కూడా అది సరిగ్గా అందేది.

మా అన్న పెళ్లి నాటికి కాలం మారింది. ప్రెస్సులో పుస్తకం తిరగేసి ఒక నంబరు చెబితే కార్డులు వచ్చేశాయి. పైన వినాయకుడు, పక్కన అరటి చెట్లు, శ్రీరస్తు శుభమస్తు, చివర బంధుమిత్రుల అభినందనలతో. వినాయకుడి మీద మాకు కోపమేమీ లేదు. కానీ పేర్ల చివర నాయక్, బాయి అని లేకపోతే అది ఎవరి పెళ్లో తెలియదు. వాయా అనే మా పెళ్లి మాట కూడా అందులో లేదు. మేం అప్పటికి బడిలో చార్టుల మీద బొమ్మలు వేసేవాళ్లం. మన కార్డు మనమే వేసుకుంటే ఎట్లుంటుంది అనిపించింది. అట్లా మొదలైంది.

మొదట్లో ప్రతి కార్డూ చేత్తోనే వేశాం. మందపాటి ఐవరీ కాగితం, పోస్టర్ రంగులు, సన్న కుంచె. ఒక్క కార్డుకు 40 నిమిషాలు పట్టేది. 200 కార్డులంటే రోజుకు 6 గంటలు కూర్చున్నా 22 రోజులు. మెడలు పట్టేసేవి, కూలి గిట్టేది కాదు. ఇప్పుడు పద్ధతి మార్చాం. ఒక బొమ్మ శ్రద్ధగా వేసి, స్కాన్ చేయించి, మందపాటి కాగితం మీద ప్రింటు తీయిస్తాం. ఫేటియా మీద అద్దాలు, గవ్వలు ఉండే చోట్లు మాత్రం ఖాళీగా వదిలిపెడతాం. వాటిని ప్రతి కార్డు మీదా చేత్తో నింపుతాం. కార్డుకు 5 నిమిషాలు చాలు. తేదీ, వారం, ఊరి పేరు మాత్రం ఇద్దరం విడివిడిగా మూడేసి సార్లు చదువుతాం. ముసలాయన నేర్పిన పాఠం అది.

ఇక పెద్ద తప్పు సంగతి.

పక్క తండా అమ్మాయి పెళ్లికి 60 కార్డులు అడిగారు. అవి మొత్తం చేత్తో వేసినవే. ఫేటియా, కాంచళీ, తలమీద టుక్రీ, రెండు కణతల దగ్గర వేలాడే వెండి ఘుగ్రీలు, మోచేతి పైదాకా తెల్లని గాజులు. ముచ్చటగా కుదిరింది. కార్డులు మంచం మీద ఆరబెట్టాం. దాదీ వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుంది.

"పెళ్లెప్పుడు?" అంది.

"వచ్చే నెల, దాదీ."

"మరి ఈ పిల్లకు ఘుగ్రీ ఎవరు కట్టిండ్రు?"

మాకు అర్థం కాలేదు. ఆమె కూర్చుని వివరంగా చెప్పింది. ఘుగ్రీ పెళ్లయిన ఆడదాని గుర్తు. మోచేతి పైన తొడిగే చూడో కూడా అంతే. భర్త పోతే వాటిని తీసేస్తారు. పెళ్లి కాని పిల్ల వాటిని పెట్టుకోదు. "పెళ్లికి పిలిచే కాగితం మీదనే పెళ్లి చేసేసిండ్రు," అంది దాదీ. గోర్ బోలీలో ఆమె అన్న తీరుకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఆ బొమ్మ మేం ఎక్కడ చూసి వేశాం? ఫోనులో. ఏదో పండుగ రోజు స్టేజీ మీద ఆడిన పిల్లల ఫోటో అది. ఆ పిల్లలకు దొరికిన నగలన్నీ పెట్టి పంపారు. దాన్ని చూసి తండా బిడ్డలమైన మేమూ అదే వేశాం. మా యాడీ చీర కడుతుంది. మా తండాలో అప్పటికి ఫేటియా కట్టేవాళ్లు దాదీతో కలిపి ముగ్గురే. ఇంట్లో మనిషిని అడగకుండా ఫోనును అడిగాం.

60 కార్డులు పారేసే స్తోమత మాకు లేదు. రెండు రాత్రులు కూర్చుని టుక్రీ అంచును కణతల మీదికి దించి, అద్దాలు కుట్టినట్టు చుక్కలు పెట్టి ఘుగ్రీని కప్పేశాం. మోచేతి పైన గాజుల మీద చేతి రంగు పూశాం. పెళ్లికూతురి తల్లి కార్డు చూసి టుక్రీ అంచు బాగుందని మెచ్చుకుంది. మేం ఉన్న సంగతి చెప్పేశాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. "నాకూ తెల్వదు బిడ్డా," అంది. పెళ్లికూతురికి తెలియదు, తల్లికి తెలియదు, బొమ్మ వేసిన మాకూ తెలియదు. ఆ రోజు దాదీ మంచం దాకా రాకపోయి ఉంటే 60 ఇళ్లకు ఆ తప్పు చేరిపోయేది, దాన్నే చూసి ఇంకొకరు నేర్చుకునేవారు.

అప్పటినుంచి దాదీ పెట్టె తెరిపించి ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాం. ఒక్కొక్క కుట్టు, ఒక్కొక్క గవ్వ వరస, దాని పేరు, అది ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నీ రాసుకున్నాం. నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టకుదురును కూడా అద్దాలతో, గవ్వలతో కుట్టి పెళ్లికూతురికి ఇచ్చేవాళ్లని అప్పుడే తెలిసింది. వక్కలు వేసుకునే చిన్న కుట్టుసంచి, కోత్ళీ, కూడా ఆ పెట్టెలోనే దొరికింది. దాన్ని చూడగానే మా కార్డుకు కవరు దొరికినట్టయింది. ఇప్పుడు మా కవరు కోత్ళీ ఆకారంలో ఉంటుంది. లోపల కార్డుతో పాటు ఒక వక్క ఉంటుంది. వెనక బస్సు ఎక్కడ దిగాలో, తండాకు ఎటు నడవాలో చిన్న పటం ఉంటుంది. తండాలకు మటుకు దాన్ని మనిషే పట్టుకుపోయి ఇవ్వాలని ఇంటివాళ్లను అడుగుతాం. ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

పెళ్లికి బొమ్మ వేయడం కొత్త సంగతి కాదు. మహారాష్ట్రలో వార్లీ తెగ ఆడవాళ్లు పెళ్లి ఇంటి గోడ మీద బియ్యప్పిండితో లగ్న చౌక్ వేస్తారు. దాని నడుమ పాలఘట దేవత ఉంటుంది. వార్లీ బొమ్మను గోడ మీంచి కాగితం మీదికి తెచ్చి దేశదేశాలకు చూపించిన జివ్యా సోమా మశేకు 2011లో పద్మశ్రీ వచ్చింది. బీహారు మిథిలలో కొత్త దంపతుల గది గోడకు కోహ్‌బర్ వేస్తారు. 1966–67 కరువులో అక్కడి ఆడవాళ్లకు కాగితాలిచ్చి ఆ బొమ్మలే వేయించి అమ్మించారు. ఆ కళ అట్లా వాళ్లకు అన్నం పెట్టింది. కర్ణాటకలో సండూరు లంబాడీ ఆడవాళ్ల కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో హంపీలో జీ20 సమావేశాలప్పుడు వాళ్లు కుట్టినవి 1755 వస్తువులు ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. వాళ్లంతా తమ ఇంట్లో ఉన్నదాన్నే బయటికి తెచ్చారు. మన పెళ్లి కార్డుల మీద మాత్రం వార్లీ బొమ్మలు వేసి గిరిజన కార్డు అని అమ్ముతున్నారు. వార్లీ బొమ్మ అందమైనదే, కానీ అది వార్లీలది.

అలంకరణ పనిలో ఇంకో పరీక్ష ఎదురైంది. పట్నం నుంచి ఒక కుటుంబం వచ్చి హల్దీకి బంజారా థీమ్ కావాలన్నారు. పాత ఫేటియాలు పరదాలుగా కట్టాలి, ఒకటి పెళ్లికూతురు నడిచే దారిలో పరవాలి, మా తండా ఆడవాళ్లు నలుగురు ఆ వేషంలో గుమ్మం దగ్గర పళ్లేలు పట్టుకుని నిలబడాలి. వాళ్లు చెప్పిన డబ్బు మాకు రెండు నెలల కార్డుల సంపాదన కన్నా ఎక్కువ. ఇంట్లో రాత్రంతా మాట్లాడుకున్నాం. ఒక ఫేటియా కుట్టడానికి నెలలు పడుతుంది. దాన్ని కాళ్ల కింద ఎట్లా వేస్తాం?

తెల్లారి మా మాట చెప్పాం. కొత్తగా అద్దాల అంచులు కుట్టించి తెస్తాం, కుట్టినవాళ్లకు కూలి విడిగా ఇవ్వాలి. మా ఆడవాళ్లు వస్తే పాట పాడటానికి వస్తారు, కుర్చీల్లో కూర్చుంటారు, అందరితో పాటు బంతిలో భోజనం చేస్తారు. వాళ్లు అంచులు తీసుకున్నారు, ఆడవాళ్లు వద్దన్నారు. మాకు వచ్చే డబ్బు సగానికి పడిపోయింది. ఆ నెల ఇబ్బంది పడ్డాం. అయినా దాదీ ఫేటియా పెట్టెలోనే ఉంది.

మన పెళ్లిళ్లలో కూడా మేం ఒకటి అడుగుతాం. పెళ్లికూతురు పుట్టింటిని వదిలేటప్పుడు తల్లినీ, అన్ననూ పట్టుకుని ఢావ్లో పాడుతూ ఏడుస్తుంది. ఆ అరగంట డీజే ఆపాలి. మేకప్ చెదురుతుందని కొందరు పిల్లలు ఏడవకుండా ఉంటున్నారు. చెదిరితే మళ్లీ మేం దిద్దుతాం, ఏడవండి అని చెబుతాం.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకపోతే కార్డు వేయం. చట్టం చెప్పే వయసు అది. పదో తరగతి చదివే పిల్ల పెళ్లికి కార్డు అడిగితే కాదన్నాం. ఆ ఇంటివాళ్లు మాతో చాలా రోజులు మాట్లాడలేదు. పెళ్లికాని పిల్లకు ఘుగ్రీ వేస్తేనే తప్పని దాదీ అంటే, పెళ్లీడు రాని పిల్లను పెళ్లికూతురుగా ఎట్లా వేస్తాం?

సార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. బొమ్మల పీరియడులో పిల్లలను ఇంట్లో దాదీ, నానీ దగ్గరికి పంపండి. ఒక కుట్టో, ఒక నగో చూసి బొమ్మ వేసి, దాని పేరు తమ భాషలో, తెలుగు అక్షరాలతో రాసుకుని రమ్మనండి. ఎవరు పెట్టుకుంటారు, ఎప్పుడు పెట్టుకుంటారు అని కూడా అడిగి రాయమనండి. కోయ, గోండు, ఎరుకల, చెంచు పిల్లలైనా అంతే, వాళ్ల ఇంటి సంగతి వాళ్లు తెస్తారు. 30 మంది పిల్లలుంటే 30 పేజీల పుస్తకం తయారవుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే మా దగ్గరికి రండి, రంగులు కలపడం నుంచి నేర్పుతాం. వచ్చేటప్పుడు మాత్రం చిన్న శంకరంపేటలో దిగండి.